అంజమ్మ మొదటి కాన్పు, మస్తాన్‌బీ గది

నేను కాన్పుల డాక్టర్ని. గుంటూరులో చదువుకున్నాను. ఉద్యోగమంతా అద్దంకి, పొదిలి వైపు చిన్న చిన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేశాను. రిటైరై రెండేళ్లు దాటింది. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాను. మా వీధిలో నర్సింగ్ చదివే అమ్మాయిల హాస్టల్ ఒకటుంది. వాళ్లు అప్పుడప్పుడూ వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతారు: “మేడం, మిడ్‌వైఫ్ కోర్సు చేస్తే డాక్టర్లు మమ్మల్ని నిజంగా కాన్పులు చేయనిస్తారా?”

చేయనివ్వని డాక్టర్లలో నేనూ ఒకదాన్ని, చాలా ఏళ్లు. అందుకే ఇది రాస్తున్నాను. నా బదిలీలు, ప్రమోషన్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు. ముఖ్యంగా ఇద్దరి గురించి చెబుతాను. అంజమ్మ నా చేతుల్లో ఆపరేషన్ అయిన మనిషి. మస్తాన్‌బీ నాతో పనిచేసిన నర్సు. పేర్లు మార్చాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు.

పెద్ద మేడం

నాకు ఆపరేషన్ నేర్పినావిడను మేమంతా పెద్ద మేడం అనేవాళ్లం. అంత చురుకైన చేయి నేను మళ్లీ చూడలేదు. రెండు రోజులు ఇంట్లో నొప్పులు పడి, ఒంట్లో రక్తం లేకుండా, బిడ్డ చేయి బయటికి వచ్చేసిన స్థితిలో ఆడవాళ్లను ట్రాక్టర్ల మీద తెచ్చేవారు. అలాంటివాళ్లు ఆవిడ చేతుల్లో బతికి నడిచి వెళ్లారు. ఆపరేషన్లన్నీ డాక్టర్ల దోపిడీయేనని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కత్తి అందకపోతే ఏమవుతుందో చూసినదాన్ని.

అయితే ఆవిడ దగ్గరే ఇంకొకటీ అలవాటైంది. ప్రతి కాన్పునూ ముంచుకొస్తున్న ప్రమాదంగానే చూడటం. నడుచుకుంటూ వచ్చిన మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టడం, ఉమ్మనీటి సంచి చింపడం, చేతికి డ్రిప్ పెట్టడం, మొదటి కాన్పయితే అవసరమున్నా లేకున్నా కింద కోత పెట్టడం. తోడుగా ఎవరినీ లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. అరిస్తే కసిరేవాళ్లం. నేనూ కసిరాను. ఇక్కడ రాయలేని మాటలు అన్నాను. ఒకరిద్దరిని తొడ మీద కొట్టాను కూడా. అది తప్పని అప్పుడు తోచలేదు. అందరం చేసేదే కదా అనుకున్నాను.

మిరప కోతల రోజుల్లో

అంజమ్మకు అప్పుడు ఇరవై ఏళ్లు. మిరప కోతకు వెళ్లే మనిషి. ఆ ఉదయం కూలీల ఆటో ఎక్కబోతుంటే నొప్పులు మొదలయ్యాయట. తల్లి వెంకాయమ్మ, భర్త శ్రీను అదే ఆటోలో మా ఆసుపత్రికి తెచ్చారు. వేళ్లకు ఇంకా కారం ఉందని కళ్లు మోచేత్తో తుడుచుకుంటోంది. మొదటి కాన్పు. అంతా బాగానే ఉంది.

మా ఆసుపత్రికి మత్తు డాక్టరు ఒంగోలు నుంచి వచ్చేవారు. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయేవారు. ఆయన వెళ్లాక ఎవరికైనా ఆపరేషన్ కావాల్సి వస్తే అంబులెన్స్‌లో ఒంగోలు పంపడం తప్ప దారి లేదు. కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక లేబర్ రూమ్‌లో ఎవరైనా మిగిలి ఉంటే గడియారం వైపే చూస్తుండేదాన్ని.

మూడింటికి అంజమ్మ కాన్పు ఇంకా సగం దారిలోనే ఉంది. పొద్దుటి నుంచి ఆమె పక్కన ఉన్నది మస్తాన్‌బీ. వినుకొండ వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్లు చిన్న. అరగంటకోసారి బిడ్డ గుండె విని కేస్ షీట్‌లో రాస్తోంది.

“మేడం, బిడ్డ గుండె బాగుంది. తొందరేం లేదు. ఒకసారి లేపి నాలుగడుగులు వేయిద్దామా? వాళ్లమ్మను కూడా లోపలికి పిలుద్దాం. పిల్ల భయంతో బిగుసుకుపోతోంది” అంది.

“సిస్టర్, ఇక్కడ డాక్టరు మీరా, నేనా?”

“మీరే మేడం.”

“అయితే థియేటర్‌కి పంపండి.”

బయట శ్రీనుకు బిడ్డకు ప్రమాదమని చెప్పాను. అది నిజం కాదు. అతను సంతకం పెట్టాడు. మూడున్నరకు ఆడపిల్లను బయటికి తీశాను. గట్టిగా ఏడ్చింది. వెంకాయమ్మ నా కాళ్ల మీద పడబోతే పట్టుకుని లేపాను. నాకు ఆ క్షణంలో గర్వంగానే అనిపించింది.

ఇది చదివేవాళ్లు నన్ను బస్సు కోసం కడుపు కోసిన మనిషిగా చూడవచ్చు. ఆ మాట పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. భయం ఉంది. మత్తు డాక్టరు వెళ్లిపోయాక ఏదైనా జరిగితే ఏం చేయాలన్న భయం. కానీ ఆ భయం నాది. దాన్ని అంజమ్మ ఒంటి మీద తీర్చుకున్నాను. ఇంకో మూడు గంటలు ఆమె పక్కన కూర్చునే మనిషి అక్కడే ఉంది. నన్ను అడిగింది కూడా. నేను వినలేదు.

రెండో కాన్పు

మూడేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం అంజమ్మను మళ్లీ తెచ్చారు. ఏడో నెల నడుస్తోంది. చీరంతా రక్తం. ఆ కాన్పుకు ఒక్కసారి కూడా స్కానింగ్‌కి రాలేదు. బిడ్డకు రక్తం అందించే మాయ గర్భసంచిలో కిందికి జారి, సరిగ్గా నా పాత కోత మీద అతుక్కుంది. అతుక్కోవడమే కాదు, గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయింది. ఒకే ఒక్క ఆపరేషన్ తర్వాత అలా జరగడం అరుదు. అరుదైనదే ఆమెకు జరిగింది.

గుంటూరు పంపేంత వ్యవధి లేదు. కడుపు తెరిచాం. మా దగ్గరున్న రక్తమంతా ఎక్కించాం. గర్భసంచి తీసేశాను. బిడ్డ దక్కలేదు. పొద్దు వాలకముందే అంజమ్మ కూడా పోయింది. మస్తాన్‌బీ ఆమె మొహం తుడిచి, జుట్టు సర్ది, దుప్పటి కప్పింది. నేను గ్లౌజులు తీయడం కూడా మర్చిపోయి నిలబడ్డాను.

బయటికి వచ్చి చెప్పాలి. వెంకాయమ్మ, శ్రీను బెంచీ మీద ఉన్నారు. పోయిందన్న మాట చెప్పాను. ఆ వెంటనే, ఎందుకన్నానో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, శ్రీను వైపు తిరిగి గట్టిగా అన్నాను:

“ఏడో నెల దాకా స్కానింగ్‌కి ఎందుకు తీసుకురాలేదయ్యా? ముందే తెలిసుంటే పెద్దాసుపత్రికి పంపేవాళ్లం కదా!”

అది అబద్ధం కాదు. ముందే తెలిసి ఉంటే బతికే అవకాశం ఉండేది. కానీ అది సగం నిజం. మిగతా సగం నాకు తెలుసు.

వెంకాయమ్మ లేచి అల్లుడి గుండెల మీద రెండు చేతులతో బాదింది. “నువ్వేరా నా బిడ్డను పొట్టన పెట్టుకుంది! ఆస్పత్రికి తీసుకెళ్లరా అంటే కోతలైపోనీ, కోతలైపోనీ అన్నావు!” అతను చేతులు అడ్డం పెట్టలేదు. కొట్టనిచ్చాడు. ఆ తర్వాత ఆవిడ నా చేతులు పట్టుకుంది.

“నువ్వేం చేస్తావు తల్లీ. మొదటిసారి నువ్వే గదా తల్లినీ బిడ్డనూ బతికించింది.”

నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. నోరూ విప్పలేదు.

ఆ మరణం మీద సమీక్ష జరిగింది. అధిక రక్తస్రావం, ఆలస్యంగా రావడం అని రాశారు. మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారని ఎవరూ అడగలేదు. నేనే రికార్డు గదికి వెళ్లి పాత కేస్ షీట్ తీయించుకున్నాను. అరగంటకోసారి మస్తాన్‌బీ రాసిన బిడ్డ గుండె లెక్క. ఎక్కడా తేడా లేదు. కింద నా చేతిరాతలో ‘కాన్పు సాగడం లేదు, బిడ్డకు ఇబ్బంది.’

మస్తాన్‌బీ అప్పుడే ఏదో పని మీద అటు వచ్చింది. నా చేతిలో ఉన్నదేమిటో ఆమెకు అర్థమైంది. నన్ను ఏమైనా అంటే బాగుండేది.

“ఆ రోజు నేను ఇంకొంచెం గట్టిగా అడగాల్సింది మేడం” అంది.

మస్తాన్‌బీ అడిగిన గది

కొన్నేళ్లకు ప్రభుత్వం నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. మామూలు కాన్పులు మొదటి నుంచి చివరి దాకా వాళ్లే చూడాలి, తేడా వస్తేనే డాక్టర్ని పిలవాలి. మా డాక్టర్లలో చాలామందికి అది నచ్చలేదు. మంత్రసానుల కాలానికి తిరిగి వెళ్తున్నామా అని ఒకరు, మనం చదివిన చదువులెందుకని ఇంకొకరు. అంజమ్మ లేకపోతే నేనూ వాళ్లతో గొంతు కలిపేదాన్నే.

మస్తాన్‌బీ అప్పటికి యాభై దాటిన మనిషి. ఆ శిక్షణకు దరఖాస్తు పెట్టుకుని నా సంతకం కోసం వచ్చింది.

“ఈ వయసులో హాస్టల్లో ఉండి చదువుతారా సిస్టర్?”

“ఇన్నేళ్లూ చేసిన పనిని సరిగా నేర్చుకుందామని మేడం.”

ఏడాదికి పైనే అక్కడుంది. తిరిగొచ్చిన వారానికే ఒక గది అడిగింది. లేబర్ రూమ్ పక్కన విరిగిన మంచాలు, తుప్పు పట్టిన స్ట్రెచర్లు పడేసే గది. ఖాళీ చేసి సున్నం వేయించమంది. ఎత్తు బల్ల వద్దంది. కింద పరుపు, పట్టుకుని వేలాడటానికి పైనుంచి ఒక తాడు, తోడు వచ్చినామెకు కుర్చీ, తలుపుకు కర్టెన్ కావాలంది. చివరికి కాస్త తటపటాయించి ఇంకో మాట అంది.

“మేడం, ఏమీ అనుకోవద్దు. నేను పిలిస్తే తప్ప డాక్టర్లు లోపలికి రాకూడదు. మీరైనా సరే.”

అనుకున్నాను. చాలా అనుకున్నాను. రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. సూపరింటెండెంట్ గారు మమ్మల్నిద్దర్నీ పిలిపించి, “ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదమ్మా?” అని అడిగారు. మస్తాన్‌బీ నోరు తెరిచేలోపే “నాది సార్” అన్నాను. అంత గట్టిగా ఎలా అన్నానో నాకే తెలియదు.

ఆ గదిలో మొదటి కాన్పు రాజేశ్వరి అనే అమ్మాయిది. పత్తి రైతుల ఇంటి కోడలు. తోడుగా అత్తగారు వచ్చింది. నేర్చుకోవడానికి ఒక మూల కూర్చుంటానని నేనే మస్తాన్‌బీని అడిగాను. మాట్లాడకూడదన్న షరతు మీద ఒప్పుకుంది.

ఉదయం ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చున్నాను. రాజేశ్వరి నడిచింది, మోకాళ్ల మీద కూర్చుంది, మజ్జిగ తాగింది, అత్తగారి మెడ పట్టుకుని వేలాడింది. ఒక దశలో “నా వల్ల కాదు, నన్ను కోసెయ్యండి” అని ఏడ్చింది. నేను సగం లేచాను. మస్తాన్‌బీ నా వైపు చూడకుండానే అరచేయి చూపించి ఆపింది. రాజేశ్వరి నడుం రాస్తూ, “ఈ మాట వచ్చిందంటే దగ్గరికొచ్చేశావు తల్లీ” అంది. ఇరవై నిమిషాల తర్వాత పక్కకు తిరిగి పడుకుని బిడ్డను కంది. కోత లేదు. కుట్టు లేదు. బిడ్డను అప్పుడే తల్లి గుండెల మీద పెట్టారు.

అప్పటికి నేను వేల కాన్పులు చేసి ఉంటాను. ఒక కాన్పును మొదటి నుంచి చివరి దాకా ముట్టుకోకుండా చూడటం అదే మొదటిసారి. బయటికి వచ్చి బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను.

అరగంట

కొత్తగా ఈ పనిలోకి వచ్చే డాక్టర్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. నేను చేసిన రెండో తప్పు మొదటిదానికి సరిగ్గా తిరగేసినది.

ఏడాది గడిచేసరికి ఆ గది మీద నాకు పిచ్చి నమ్మకం కుదిరింది. వచ్చిన అధికారులకు గొప్పగా చూపించేదాన్ని. ఆపరేషన్ అన్న మాట వింటేనే ముఖం చిట్లించేదాన్ని. ఆ రోజుల్లో కరీమున్నీసా అనే అమ్మాయి వచ్చింది. ఆమె భర్త టైలరు. ఇద్దరూ మొదటి బిడ్డ కోసం చాలా ఏళ్లు ఎదురుచూశారు. పదకొండు గంటల వేళ మస్తాన్‌బీ నన్ను పిలిచింది.

“బిడ్డ గుండె తగ్గుతోంది మేడం. నొప్పి పోయాక కూడా వెంటనే పుంజుకోవడం లేదు. ఉమ్మనీరు పచ్చగా ఉంది.”

విన్నాను. నిజమే, తగ్గుతోంది. కానీ మళ్లీ లేచింది. “పక్కకు తిప్పి పడుకోబెట్టి ఇంకో అరగంట చూద్దాం” అన్నాను.

“తిప్పాను మేడం. చూశాను. ఇక ఆగొద్దు.”

“మీరే కదా ఆగమని నేర్పింది.”

మస్తాన్‌బీ గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. “బాగున్నప్పుడు ఆగమన్నాను మేడం. ఇప్పుడు బాగాలేదు. థియేటర్‌కి ఫోన్ చేసేశాను. మీరు చేతులు కడుక్కోండి.”

అప్పటికి మాకు మత్తు డాక్టరు పూర్తి వేళలకు ఉన్నారు. కడుపు తెరిచేసరికి బొడ్డుపేగు బిడ్డ మెడకు రెండు చుట్లు చుట్టుకుని బిగిసి ఉంది. బిడ్డ ఏడవలేదు. పిల్లల డాక్టరు, మస్తాన్‌బీ కలిసి ఊపిరి అందించారు. చాలాసేపటికి చిన్నగా మూలిగాడు. పదమూడు రోజులు గుంటూరులో ఉంచాల్సి వచ్చింది. బతికాడు. అరగంట ఆగి ఉంటే బతికేవాడు కాదు. ఈ మాటలో నాకు సందేహం లేదు.

కాబట్టి మిడ్‌వైఫ్ అంటే ఆపరేషన్‌కి శత్రువు అనుకోవద్దు. పక్కన కూర్చున్న మనిషికే ముందు తెలుస్తుంది, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆగకూడదో. అంజమ్మప్పుడూ మస్తాన్‌బీయే కూర్చుంది, కరీమున్నీసాప్పుడూ ఆమే కూర్చుంది. రెండుసార్లూ చెప్పింది. తేడా ఒక్కటే. రెండోసారి నన్ను అడగకుండా ఫోన్ చేసే అధికారం ఆమెకు ఉంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. అన్నిచోట్లా ఇలా జరగడం లేదు. శిక్షణ పొంది వచ్చిన మిడ్‌వైఫ్‌ను తీసుకెళ్లి జ్వరాల వార్డులో వేసిన ఆసుపత్రులు నాకు తెలుసు. అలాంటి చోటికి వెళ్తే పోట్లాడండి. నర్సులు పోట్లాడితే ఉద్యోగం మీదికి వస్తుంది కాబట్టి డాక్టర్లూ వాళ్ల పక్కన నిలబడండి.

ఈ వేసవిలో

రిటైరయ్యాక తీరిక దొరికింది. చేయకుండా వదిలేసిన పని ఒకటి పొద్దస్తమానం గుర్తొచ్చేది. ఈ ఏప్రిల్‌లో అద్దంకి బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో వెంకాయమ్మ ఊరు వెళ్లాను.

రేకుల షెడ్డు కింద పదిమంది ఆడవాళ్లతో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక కంగారుగా లేచి, “డాక్టరమ్మా! ఇంత ఎండలో ఎందుకొచ్చావమ్మా?” అంటూ ఇంటికి తీసుకెళ్లింది. మంచినీళ్లిచ్చింది. అంజమ్మ కూతురు ఏడో తరగతి చదువుతోందట. బడికి వెళ్లింది.

ఎలా మొదలుపెట్టాలో చాలాసార్లు అనుకుని వెళ్లాను. అవేవీ రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటి కాన్పుకు ఆపరేషన్ అవసరం లేకపోయి ఉండవచ్చని, బిడ్డకు ప్రమాదమని ఆ రోజు అబద్ధం చెప్పానని, ఆ కోత మీదే మాయ అతుక్కుందని.

వెంకాయమ్మ చేతులకున్న కారం కొంగుతో తుడుచుకుంది. తర్వాత అడిగింది.

“ఆ రోజు కొయ్యకపోతే నా బిడ్డ బతికేదా?”

“తప్పకుండా బతికేదని చెప్పలేనమ్మా. కొయ్యకపోతే అలా అతుక్కోవడం దాదాపు జరగదు.”

“మరి స్కానింగ్?”

“తీయించుంటే కూడా బతికే అవకాశం ఉండేది. అదీ నిజమే. కానీ తప్పంతా అతనిదే అన్నట్టు మీ ముందు మాట్లాడాను. అది తప్పు.”

తిడుతుందనుకున్నాను. సిద్ధపడే వెళ్లాను. ఆవిడ తిట్టలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

“మళ్లీ పెళ్లి చేసుకోలేదు వాడు” అంది. “ఒంగోలులో రాళ్ల ఫ్యాక్టరీలో చేస్తన్నాడు. పిల్లను చూడ్డానికి వస్తే వీధిలోనే నిలబెట్టేదాన్ని. గుమ్మం తొక్కనివ్వలేదు. నా బిడ్డను చంపినోడివని పిల్ల ముందరే అనేదాన్ని. ఇన్నేళ్లూ ఒక్క మాట తిరిగి అనలేదమ్మా వాడు. వాడు కూడా అదే నమ్మాడేమో.”

ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నేను క్షమించమని అడగబోయాను. చేయి అడ్డం పెట్టింది.

“నాకు చెప్పావు, సరే. నాకు చెబితే చాలదు.”

లేచి గూట్లోంచి మనవరాలి ఫోన్ తీసింది. ‘నాన్న’ అని ఉన్నచోట నొక్కి, మోగుతుండగా నా చేతికిచ్చింది.

“వాడికి చెప్పు.”

అవతల యంత్రాల రొద. అందులోంచి శ్రీను గొంతు, “చెప్పమ్మా, బడికి పోలేదా?” అంది.

“శ్రీనూ, పాప కాదయ్యా. నేను డాక్టర్ని” అన్నాను. యంత్రాల రొదకు దూరంగా అతను నడుచుకుంటూ వస్తున్నట్టు వినిపించింది. రొద తగ్గేదాకా ఆగాను. వెంకాయమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. చెప్పడం మొదలుపెట్టాను.